మనిషి కొలతకు కారు

వీల్‌చైర్ వాడే మనిషి ఉన్న ఇంటివాళ్లు కారు కొనాలనుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది, ఆ మనిషి కుర్చీలోంచి కారు సీటు మీదికి ఎలా మారతాడన్నది. మైలేజీ, ధర, కంపెనీ పేరు ఆ తర్వాతే వస్తాయి. సీటు ఎత్తు, తలుపు తెరుచుకునే తీరు, డిక్కీ కొలత ఆ మనిషి ఒంటికీ, అతన్ని ఎక్కించి దించే వాళ్ల నడుముకూ సరిపోతే ఐదారు లక్షల బండి కూడా చక్కగా పనికొస్తుంది. సరిపోకపోతే పాతిక లక్షల బండి అయినా ఇంటి ముందు కవర్ కప్పుకొని ఉంటుంది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ అవసరం ఎవరెవరికి పడుతుందో చూస్తే, ఒక్కో ఇంటి లెక్క ఒక్కోలా ఎందుకుంటుందో తెలుస్తుంది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. అంతకుముందు చిన్నతనంలో పోలియో సోకినవాళ్లు ఇప్పుడు సంసారాలు మోస్తున్న వయసులో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఒక కాలే బలహీనం. చేతులు గట్టివి, బండి తామే నడపగలరు. రామగుండం నుంచి మందమర్రి, బెల్లంపల్లి దాకా సాగే సింగరేణి బొగ్గుబాయిల్లో గాయపడినవాళ్లు ఉన్నారు. తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగిన గీత కార్మికులు ఉన్నారు. గల్ఫ్‌లో కట్టడాల పనిలో దెబ్బ తగిలి తిరిగొచ్చిన జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లున్నారు. వెన్నుపాము దెబ్బతింటే నడుము కింద పట్టు, స్పర్శ రెండూ పోతాయి. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకు ఒక పక్క చెయ్యీ కాలూ కలిసి మొరాయిస్తాయి. షుగర్ ముదిరి కాలు తీసేయాల్సి వచ్చినవాళ్ల ఇబ్బంది ఇంకొక రకం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కారు విషయానికి వచ్చేసరికి సర్టిఫికెట్ మీద రాసిన శాతం కన్నా, ఆ మనిషి తన బరువును ఎంతవరకు తానే మోసుకోగలడన్నది ముఖ్యం.

అసలు కారు కొనడం అవసరమా అన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలకు పెరిగింది. ఆ పెంపును అప్పటి ముఖ్యమంత్రి మంచిర్యాల సభలోనే ప్రకటించారు. ఐదు లక్షల అప్పును ఏడేళ్లలో తీర్చాలంటే నెల కిస్తీ ఎనిమిది వేలు దాటుతుంది. అంటే పింఛను మొత్తం కట్టినా సగం కిస్తీ తీరదు. నెలకోసారి ఆస్పత్రికి వెళ్లి రావడమే పని అయితే, తెలిసిన డ్రైవరుతో సరైన ఎత్తున్న కారు కిరాయికి మాట్లాడుకోవడం మేలు. ఆటో ఎక్కడం కొందరికి కారు కన్నా సులువే. పక్కలు తెరిచి ఉంటాయి, తలుపు అడ్డం రాదు. కానీ నడుము నిలవని మనిషికి అందులో బెల్టూ లేదు, ఆనుకోవడానికి ఆసరా లేదు. వారానికి రెండు మూడుసార్లు ఫిజియోథెరపీకో డయాలసిస్‌కో వెళ్లాల్సిన ఇంటికి, కాలేజీకో ఉద్యోగానికో రోజూ వెళ్లే మనిషి ఉన్న ఇంటికి సొంత కారు ఉండాల్సిందే. పెద్ద వైద్యానికి హైదరాబాద్ పోవాలంటే కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద 300 కిలోమీటర్ల దాకా ఉంది. అంత దూరం ఎలా కూర్చుంటాడన్నది కూడా కారు ఎంపికలో భాగమే.

సీటు ఎత్తు దగ్గర మొదలుపెట్టాలి. కూర్చున్న మనిషి లేవడం తేలికైన పనిలా కనిపిస్తుంది గానీ, మోకాలి కీలు మీద రోజులో పడే పెద్ద భారాల్లో అదొకటి. సీటు కిందికి ఉన్నకొద్దీ పిరుదులు మోకాళ్ల కన్నా దిగువకు పోతాయి, ఒంటి బరువు మోకాలికి దూరంగా వెనక్కి జరుగుతుంది. ఆ దూరం పెరిగేకొద్దీ తొడ కండరం లాగాల్సిన బలం కూడా పెరుగుతుంది. కుర్చీ ఎత్తు పెంచితే లేచేటప్పుడు మోకాలి మీద పడే తిప్పుబలం 60 శాతం వరకు, తుంటి మీద పడేది 50 శాతం వరకు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. కర్ర పట్టుకొని నాలుగడుగులు వేయగలిగిన వాళ్లకు, కీళ్లవాతం ఉన్నవాళ్లకు, కృత్రిమ కాలు వాడేవాళ్లకు ఇది చాలా పెద్ద తేడా. తుంటి మార్పిడి చేయించుకున్న వాళ్లనైతే తొలి వారాల్లో తుంటిని 90 డిగ్రీల కన్నా ఎక్కువ వంచొద్దంటారు; కిందికి ఉండే సీటులో కూర్చుంటే ఆ హద్దు దాటిపోతుంది.

వీల్‌చైర్ మనిషి లెక్క దీనికి భిన్నం. అతను లేచి నిలబడడు, పక్కకు జరుగుతాడు. మామూలు మడత వీల్‌చైర్ సీటు నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీద మెత్త వేస్తే ఇంకో ఐదారు. కారు సీటు కూడా దాదాపు అదే ఎత్తులో ఉంటే చేతుల బలంతో జరగడం వీలవుతుంది. కారు సీటు పైకి ఉంటే ఎక్కడం కష్టం, కిందికి ఉంటే దిగడం కష్టం. సెడాన్ల సీట్లు 50 సెంటీమీటర్ల దరిదాపుల్లోనో కొంచెం కిందికో ఉంటాయి. టాల్‌బాయ్ అనే పొడుగు హ్యాచ్‌బ్యాకులవి 60కి అటూఇటూ. పెద్ద ఎస్‌యూవీలవి 70 దాటిపోతాయి. ఆదిలాబాద్ ఏజెన్సీ రోడ్లకు బొలెరో లాంటి బండి అంటే జనానికి నమ్మకం. వానాకాలంలో ఆ నమ్మకానికి తగినట్టే నడుస్తుంది కూడా. కానీ దాని సీటు వీల్‌చైర్ మనిషికి నడుమెత్తు గోడతో సమానం. ముగ్గురు కలిసి చంకల్లో చేతులు వేసి ఎత్తాల్సి వస్తుంది. అలా ఎత్తితే పక్షవాతంతో వదులైన భుజం కీలు జారుతుంది, స్పర్శ లేని తొడ చర్మం తలుపు అంచుకు గీసుకుపోతుంది. ఇంటి బాట బాగా లేదని ఎత్తైన బండి కొనడం కన్నా, మట్టి బాట ఉన్న ఆ కొంత దూరం వీల్‌చైర్‌ను నెట్టుకొచ్చి, తారు రోడ్డు మీద కారెక్కించడం చాలా ఇళ్లకు మంచి దారి.

ఈ కొలతలు కంపెనీ కాగితాల్లో దొరకవు. వాటిలో నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు ఉంటుంది గానీ నేల నుంచి సీటు ఎత్తు ఉండదు. దర్జీ టేపు తీసుకొని షోరూంకు వెళ్లి, నేల నుంచి సీటు మెత్త పైభాగం వరకు, తలుపు కింది అంచు వరకు, తలుపు చట్రం పైఅంచు వరకు కొలవాలి. మెత్త మనిషి బరువుకు కొంత అణుగుతుంది కాబట్టి ఎవరైనా కూర్చున్నాక ఇంకోసారి కొలవాలి. టేపుతో పాటు ఆ మనిషినీ, అతని కుర్చీనీ కూడా షోరూంకు తీసుకెళ్లాలి. నాలుగు కార్లలో ఎక్కి దిగితే ఏది పనికొస్తుందో అతని ఒళ్లే చెబుతుంది. అతన్ని ఇంట్లో ఉంచి, అతని కోసం మిగతావాళ్లు కారు చూసి రావడం చాలా ఇళ్లలో జరిగే తప్పు.

కుర్చీలోంచి సీటుకు మారేది ఇలా. డ్రైవరు పక్కన ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వీపు భాగాన్ని కొంచెం వాల్చాలి. వీల్‌చైర్‌ను తెరిచిన తలుపు సందులోకి, సీటుకు వీలైనంత దగ్గరగా, కారు ముఖం ఉన్న వైపే కొంచెం ఏటవాలుగా నిలపాలి. రెండు బ్రేకులూ వేసి, కారు వైపు చేతిపట్టీ, ఫుట్‌రెస్టు తీసేయాలి. ఇంత చేసినా కుర్చీ సీటుకూ కారు సీటుకూ నడుమ జానెడుకు పైగా ఖాళీ మిగులుతుంది, ఎందుకంటే ఒక పక్క కుర్చీ పెద్ద చక్రం, ఇంకో పక్క కారు గడప అడ్డం. ఈ ఖాళీ మీద వేసేది జారుడు పలక. 60 నుంచి 75 సెంటీమీటర్ల పొడవు, జానెడున్నర వెడల్పు ఉండి, అంచులు గుండ్రంగా అరగదీసి, వార్నిష్ వేసిన మంచి ప్లైవుడ్ పలక ఏ ఊరి వడ్రంగి అయినా చేసిస్తాడు. పలక ఒక కొన తొడ కిందికి, ఇంకో కొన కారు సీటు మీదికి వెళ్లాలి. మనిషి ముందుకు వంగి, అరచేతులు ఊని, కొద్దికొద్దిగా జరుగుతాడు. ముందుకు వంగడం ఇక్కడ కీలకం: తల ముందుకు వంగితే పిరుదుల మీది బరువు తేలికవుతుంది. తోడున్నవాళ్లు అతన్ని ఎత్తరు. నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకొని దారి చూపుతారు. లోపలికి చేరాక కాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో లోపల పెట్టాలి. తల తలుపు చట్రానికి తగలకుండా ఒకరు అరచెయ్యి అడ్డం పెడితే చాలు.

తలుపు ఎంత తెరుచుకుంటుందన్నది ఇక్కడే తేలుతుంది. చాలా కార్ల తలుపులు లంబకోణానికి చాలా ముందే ఆగిపోతాయి. అప్పుడు కుర్చీ సీటు దాకా రాదు, పలక పొడవు చాలదు. టాటా ఆల్ట్రోజ్, పంచ్ కార్ల తలుపులు 90 డిగ్రీల వరకు తెరుచుకుంటాయి. బడ్జెట్ కార్లలో ఇది అరుదైన సుగుణం, వీల్‌చైర్ ఇళ్లకు నిజంగా పనికొచ్చేది. అయితే ఆ తలుపు పూర్తిగా తెరవాలంటే కారు పక్కన మీటరుకు పైగా చోటుండాలి. గోడ పక్కన పార్క్ చేసిన బండికి ఆ సుగుణం ఉండీ లేనట్టే.

పక్షవాతం ఉన్నవాళ్ల విషయంలో ఏ వైపు తలుపు అన్నది కూడా చూడాలి. మన కార్లలో ముందు ప్రయాణికుడి సీటు ఎడమ వైపు. వీల్‌చైర్ దాని పక్కన నిలిపితే, ఎక్కేటప్పుడు మనిషి తన కుడి వైపుకు జరగాలి. ఎడమ పక్క పడిపోయి కుడి పక్క బలంగా ఉన్నవాళ్లకు ఇది అనువైన దిశ. కుడి పక్క పడిపోయినవాళ్లకు కుడివైపు వెనక తలుపు నయం, అక్కడ ఎడమ వైపుకు జరగొచ్చు. దిగేటప్పుడు దిశ తిరగబడుతుంది కాబట్టి తోడు మనిషి బలహీనమైన పక్కకు నిలబడాలి. కుడి తలుపు రోడ్డు నడిమికి తెరుచుకుంటుంది, అందుకే ఆ పని రోడ్డు మీద కాక ఇంటి వాకిట్లోనో ఆస్పత్రి ఆవరణలోనో చేయాలి. కుడి పక్క పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా దెబ్బతింటుంది, మెదడులో ఆ రెంటినీ నడిపించేది ఎడమ భాగమే కాబట్టి. కాలు నలిగినా వాళ్లు చెప్పలేరు. తలుపు వేసే ముందు పాదం ఎక్కడుందో కళ్లతో చూసుకోవాలి.

ఇక కుర్చీ. మామూలు మడత వీల్‌చైర్ 15 నుంచి 18 కిలోలు తూగుతుంది, అల్యూమినియంది 12 కిలోల లోపు దొరుకుతుంది. 17 కిలోలంటే బియ్యం సంచి కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ ఆ బరువును ముందుకు వంగి, చేతులు చాచి, డిక్కీ అంచు మీదుగా లోపలికి దించాలి. బరువు వెన్నుకు 50 సెంటీమీటర్ల ముందుంటే, దాన్ని ఆపే వీపు కండరాలు వెన్నుపూసకు ఐదు సెంటీమీటర్ల వెనకే ఉంటాయి. పది రెట్ల తేడా. 17 కిలోల కుర్చీ కోసం ఆ కండరాలు 170 కిలోల బలంతో లాగాలి, ఆ నొక్కుడంతా నడుము కింది డిస్కుల మీద పడుతుంది. వంగిన ఒంటి బరువు దీనికి అదనం. ఇళ్లలో ఈ పని చేసేది ఎక్కువగా భార్యలు, అమ్మలు. వాళ్లలో యాభై దాటినవాళ్లూ ఉంటారు. వాళ్ల నడుము పట్టేసిన రోజున కారు ఉన్నా ప్రయాణం లేదు. అందుకని కారు ధరలోంచి ఐదారు వేలు మిగిల్చయినా తేలికైన కుర్చీ కొనడం తెలివైన ఖర్చు. ఫుట్‌రెస్టులు ఊడదీసి ఎత్తడం, డిక్కీ అంచు తక్కువ ఎత్తులో ఉన్న హ్యాచ్‌బ్యాక్ ఎంచుకోవడం కూడా నడుమును కాపాడతాయి. సెడాన్ డిక్కీ లీటర్లలో పెద్దదే గానీ మూత సందు ఇరుకు, లోతు ఎక్కువ; కుర్చీని దించడం, తీయడం రెండూ బాధే.

డిక్కీలో పెట్టిన కుర్చీని కట్టేయాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్ది ఆగితే, కట్టని కుర్చీ ఆ వేగంతోనే ముందుకు దూసుకొస్తుంది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల డాబా మీద నుంచి పడ్డ కుర్చీకి ఉండేంత వేగం అది. వెనక సీటు మడిచి దాని మీద కుర్చీ పడుకోబెట్టే వాళ్లు ఈ సంగతి మరవకూడదు. ఐదు వందల రూపాయల లోపు దొరికే లాగుడు బెల్టుతో దాన్ని బండి చట్రానికి బిగించొచ్చు.

బడ్జెట్‌లో ఈ లెక్కలకు సరిపోయే కార్లు ఎక్కువ లేవు. 1999 చివర్లో మన మార్కెట్‌లోకి వచ్చిన మారుతి వ్యాగన్‌ఆర్ ఇప్పటికీ ఈ పనికి ముందు చూడాల్సిన బండి. 2019లో వచ్చిన మూడో తరం బండి ఎత్తు 1,675 మిల్లీమీటర్లు. కప్పు ఎత్తుగా ఉండడంతో మెడ వంచకుండా లోపలికి జరగొచ్చు. సీటు అటు సెడాన్ కన్నా పైకి, ఇటు ఎస్‌యూవీ కన్నా కిందికి. డిక్కీ 341 లీటర్లు, ఫుట్‌రెస్టులు తీసిన మడత కుర్చీని సర్దడానికి చూడదగ్గది. కొత్త బండి ధర 5 లక్షల దగ్గర మొదలవుతుంది. పంచ్ ధర అంతకు కొంచెం పైన. తలుపుల విషయంలో అది మేలు, సీటు మరికాస్త ఎత్తు. చేతుల్లో బలం ఉన్నవాళ్లకు నడుస్తుంది, బక్కచిక్కిన పెద్దవాళ్లకు కష్టం. ఇంట్లో ఆరేడుగురు ఉండి అందరూ కలిసి వేములవాడకో బాసరకో పోయే కుటుంబానికి రెనో ట్రైబర్ చూడొచ్చు. నాలుగు మీటర్ల లోపు పొడవులోనే మూడు వరుసలున్నాయి, మూడో వరుస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టేస్తే డిక్కీ 625 లీటర్లు. కుర్చీతో పాటు వాకర్, మందుల సంచి, మెత్త అన్నీ పడతాయి. సీఎన్‌జీ బండి కొనేటప్పుడు మాత్రం డిక్కీ తెరిచి చూడకుండా బయానా ఇవ్వొద్దు. చాలా మోడళ్లలో సిలిండరు అక్కడే కూర్చుంటుంది. టాటా 2023 నుంచి రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చి కొంత చోటు మిగిలిస్తోంది.

సెకండ్ హ్యాండ్ బండి ఈ అవసరానికి చిన్నచూపు చూడాల్సింది కాదు. జీవిత పన్ను ముందే కట్టి ఉంటుంది, అదే డబ్బుకు ఆటోమేటిక్ గేరు, ఎక్కువ ఎయిర్‌బ్యాగులు దొరకొచ్చు. ఇంజనుతో పాటు మామూలు కొనుగోలుదారు పట్టించుకోనివి కూడా చూడాలి. సీటు పట్టాల మీద చివరిదాకా వెనక్కి జరుగుతోందా, తలుపు తెరిచి వదిలితే వాలు నేల మీద కూడా నిలుస్తోందా, పైన పట్టుకునే పిడి గట్టిగా ఉందా, ఏసీ చల్లగా ఉందా అన్నవి.

వీల్‌చైర్‌లో కూర్చున్న మనిషిని అలాగే లోపలికి నెట్టుకెళ్లగలిగిన బండి కావాలని చాలామంది అడుగుతారు. ఎంత మాత్రం జరగలేని మనిషికి, మోటారు కుర్చీ వాడేవాళ్లకు అదే సరైనది. విదేశాల్లో ఇందుకోసం బండి నేలను కోసి కిందికి దించిన వ్యాన్లు దొరుకుతాయి. మన దగ్గర చౌకలో చూస్తే మారుతి ఈకో లాంటి పక్కకు జరిగే తలుపుల వ్యాన్లే ఆధారం. వాటి అడుగు నేలకు అరమీటరు పైన ఉంటుంది. భవనాలకు పెట్టే ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు. ఆ లెక్కన అరమీటరు ఎత్తు ఎక్కడానికి ఆరు మీటర్ల ర్యాంపు కావాలి. దాన్ని బండిలో మోయలేరు. ఒకటికి నాలుగు వాలు పెట్టుకుంటే రెండు మీటర్లు చాలు. అప్పుడు కుర్చీతో కలిపి 88 కిలోల బరువును పైకి నెట్టడానికి 21 కిలోల బలం కావాలి, పన్నెండింట ఒకటి వాలులో ఏడు కిలోలే పట్టేది. వెనక నుంచి నెట్టేది ఒక్కరే అయితే ఈ తేడాను ఇంటి దగ్గరే పలక వేసి చూసుకోవాలి. కుర్చీలో కూర్చున్న మనిషి తల ఎత్తు నేల నుంచి 130 సెంటీమీటర్ల దాకా వస్తుంది, చాలా వ్యాన్ల తలుపు సందు దానికి చాలదు. లోపలికి వెళ్లాక కుర్చీని నాలుగు మూలలా నేలకు బిగించే పట్టీలు, మనిషికి విడిగా సీటు బెల్టు ఉండాలి. బండిలో సీటుగా వాడే కుర్చీని గుద్దుడు పరీక్షకు పెట్టే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 7176లో 19వ భాగం, ఉంది. మన బజారులో దొరికే చవక మడత కుర్చీలు ఆ పరీక్షకు చేసినవి కావు. జరగగలిగిన మనిషి కారు సీటు మీదికి జరగడమే క్షేమం.

నడుమ దారి ఒకటుంది: తిరిగే సీటు. ముందు సీటు బయటికి తిరుగుతుంది, మనిషి కాళ్లు బయటే ఉంచి దాని మీద కూర్చున్నాక సీటుతో సహా లోపలికి తిప్పుతారు. ఒంటికాలి మీద నిలబడి నడుము మెలితిప్పాల్సిన పని తప్పుతుంది. 2025 డిసెంబర్‌లో మారుతి సుజుకి, ఒక బెంగళూరు స్టార్టప్‌తో కలిసి వ్యాగన్‌ఆర్‌కు ఇలాంటి సీటును కొన్ని నగరాల్లో ప్రయోగాత్మకంగా తీసుకొచ్చింది. సామాన్యుల కారుకు కంపెనీ ద్వారానే ఇలాంటిది రావడం మంచి మలుపు. కరీంనగర్, ఆదిలాబాద్ కొనుగోలుదారులు తమ డీలరు దగ్గర దీన్ని గట్టిగా అడగాలి. బయట వర్క్‌షాపుల్లో సీటు మార్పించేటప్పుడు పుణేలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థ ధ్రువీకరించిన కిట్టేనా అన్నది చూడాలి, సీటులో ఉన్న పక్క ఎయిర్‌బ్యాగు తీగలను తెంపకూడదు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు కొన్ని వందల రూపాయల్లో రెండు ఉపాయాలున్నాయి. తలుపు గొళ్లెం పడే ఇనుప కొక్కేనికి తగిలించి ఊతంగా పట్టుకునే విడి పిడి దొరుకుతుంది. సీటు మీద నున్నటి పాలిథిన్ కవరు పరిస్తే ఒళ్లు సులువుగా తిరుగుతుంది. కూర్చోగానే ఆ కవరు తీసేయాలి. అలాగే ఉంచితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు మనిషి బెల్టు కింది నుంచి జారిపోతాడు.

దివ్యాంగుడే బండి నడపాలనుకున్నప్పుడు లెక్క మారుతుంది. ఎడమ కాలు ఒక్కటే బలహీనమైతే మార్పులేవీ అక్కర్లేదు, క్లచ్ లేని బండి చాలు. 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ గేర్లు మన దేశానికి వచ్చాక ఇది చిన్న కార్లలోనూ సాధ్యమైంది. ఏఎంటీలో గేరుబాక్సు మామూలుదే, క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మాత్రం ఒక చిన్న యంత్రం చేస్తుంది. అందుకే ధర మరీ పెరగదు. వాలులో వెనక్కి జారకుండా హిల్ హోల్డ్ ఉన్నది తీసుకోవాలి. టాటా టియాగో ఈవీ లాంటి విద్యుత్ కార్లకు క్లచ్, గేర్ల గొడవే లేదు. కుడి కాలు బలహీనమైతే ఎడమ పాదంతో నొక్కే యాక్సిలరేటర్ అమర్చొచ్చు. రెండు కాళ్లూ పనిచేయనివాళ్లకు చేతి లివర్: నెడితే బ్రేకు, లాగితేనో తిప్పితేనో యాక్సిలరేటర్. ఈ లివర్ తెలిసిన వెల్డింగ్ షాపులో చేయించుకునే వస్తువు కాదు. ఒక్కసారిగా బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు దాని మీద పదుల కిలోల బలం పడుతుంది, అతుకు ఊడితే బండి ఆగదు. మోటారు వాహనాల చట్టం ఇలా మార్చిన బండిని వేరుగా గుర్తిస్తుంది, దానికి తగ్గ లైసెన్సు ఇస్తుంది. చేసిన మార్పు ఆర్సీలో ఎక్కాలి. ఇలాంటి కిట్ల మీద జీఎస్టీని 2021లో 5 శాతానికి తగ్గించారు.

ఉత్తర తెలంగాణ ఎండ గురించి విడిగా చెప్పుకోవాలి. మే నెలలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో పగటి వేడి 45 డిగ్రీలు తాకుతుంది. ఛాతీ ఆరో వెన్నుపూసకు పైన వెన్నుపాము తెగినవాళ్లకు ఆ గాయం కింది ఒంటికి చెమట పట్టదు. చెమట లేకపోతే ఒళ్లు చల్లబడే దారి లేదు, మామూలు మనిషికి ఉక్కగా ఉండే కారులో వాళ్లకు జ్వరం స్థాయికి ఒళ్లు కాలుతుంది. వాళ్లకు ఏసీ విలాసం కాదు. ఎండలో నిలిపిన కారులో బెల్టు ఇనుప బిళ్ల, సీటు పట్టాల అంచులు 60 డిగ్రీలు దాటుతాయి, కొద్ది సెకన్లు తగిలితే చర్మం కాలుతుంది. తొడకు స్పర్శ లేని మనిషికి ఆ సంగతి ఇంటికొచ్చి బట్టలు మార్చేదాకా తెలియదు. ఎక్కించే ముందు తలుపులు తెరిచి ఏసీ వేసి, ఆ బిళ్ల మీద తడిగుడ్డ వేసి, సీటును అరచేత్తో తడిమి చూడాలి. రెగ్జిన్ కన్నా గుడ్డ సీటు కవర్లు మేలు.

కూర్చునే తీరులో ఇంకో ప్రమాదం ఒత్తిడి పుండు. పిరుదుల కింది రెండు ఎముకల మొనల మీద ఒంటి బరువంతా నిలిచి, నడుమనున్న చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. బాగున్నవాళ్లు తెలియకుండానే కదులుతుంటారు, స్పర్శ లేనివాళ్లు కదలరు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాకా ఐదారు గంటల ప్రయాణంలో అరగంటకోసారి సీటు వీపు వాల్చడమో, చేతులు ఊని లేపడమో, ముందుకు వంచడమో చేయాలి. అందుకే వాలే సీటు, లోపల తగినంత తల ఎత్తు అవసరం. వీల్‌చైర్ మెత్తనే కారు సీటు మీద వేసేవాళ్లు దాని మందం కూడా సీటు ఎత్తులో కలుపుకొని కొలవాలి. కెరమెరి ఘాట్ లాంటి మలుపుల్లో ఇంకొకటి: 40 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే ఒంటి బరువులో దాదాపు మూడో వంతు బలంతో పక్కకు తోసినట్టవుతుంది. నడుము కండరాలు పనిచేయని మనిషి డ్రైవరు మీదికి ఒరిగిపోతాడు. రెండు పక్కలా గట్టి దిండ్లు పెట్టి, బెల్టును భుజం ఎముక మీదుగా సరిగా వేసి, మలుపుల్లో వేగం సగానికి తగ్గించాలి.

డబ్బు లెక్కల్లో 2025 సెప్టెంబర్ 22 పెద్ద గీత. అంతకుముందు చిన్న కార్ల మీద 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు ఉండేవి. 40 శాతానికి పైగా శారీరక వైకల్యం ఉన్నవాళ్లు కేంద్ర భారీ పరిశ్రమల శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే 18 శాతమే పడేది. కారు నాలుగు మీటర్ల లోపు ఉండాలి, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. ఆ రోజు నుంచి అదే కొలతల కార్లన్నింటికీ అందరికీ 18 శాతం అయింది. ఢిల్లీ కాగితం కోసం నెలల తరబడి ఆగాల్సిన పని పోయింది. దివ్యాంగులకంటూ ఉన్న తేడా కూడా దాంతోనే పోయింది. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల కారుకు జీవిత పన్ను 14 శాతం, అంటే ఆరు లక్షల కారుకు 84 వేలు. మార్చిన బండిని దివ్యాంగుల పేరున రిజిస్టర్ చేస్తే ఈ పన్నులో ఏం తగ్గుతుందో కొనకముందే ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి. విద్యుత్ కార్లకైతే 2024 నవంబర్ నాటి ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబర్ 31 వరకు జీవిత పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా తయారైన బండికి జాతీయ రహదారుల మీద టోల్ మినహాయింపు ఉంది. ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో పిప్పర్‌వాడ, రోల్‌మామడ, గంజాల్ టోల్‌గేట్ల మీదుగా ఆస్పత్రికి తిరిగేవాళ్లకు ఇది ఏడాదికి చెప్పుకోదగ్గ మొత్తమే. బీమాలో కూడా ఇలాంటి బండ్లకు సొంత నష్టం ప్రీమియం మీద సగం రాయితీ నిబంధన మోటారు టారిఫ్‌లో ఉండేది. పాలసీ తీసుకునేటప్పుడు ఆ రాయితీ గురించి అడగాలి, మార్పు చేయించిన సంగతి బీమా కంపెనీకి తెలపాలి.

ఈ సదుపాయాలు అడగాలంటే బండి దివ్యాంగులదని ఆర్సీలో ఉండాలి. అందుకోసమే 2020 అక్టోబర్‌లో కేంద్ర రవాణా శాఖ రిజిస్ట్రేషన్ దరఖాస్తు, ఫారం 20లో యజమాని రకం దగ్గర దివ్యాంగులకు వేరే గడి చేర్చింది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ వెంట ఉంచుకొని, షోరూం వాళ్లు నింపి ఇచ్చిన ఫారం మీద సంతకం పెట్టే ముందు ఆ గడి నిండిందో లేదో చూసుకోవాలి.